పేరున్న ముఖాలు, పేరులేని ముఖాలు: మదనపల్లె డచ్ పాదిరి, పాత ఫోటోలు

మదనపల్లె పేరు వినగానే తెలుగువారికి సాధారణంగా రెండు విషయాలు గుర్తుకొస్తాయి. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది అక్కడ. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ బిసెంట్ కళాశాలలో అతిథిగా ఉండి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి తెచ్చుకున్నదీ అక్కడే. ఈ రెండింటికీ చాలా ముందు, 1863లో, ఒక అమెరికన్ పాదిరి ఆ ఊళ్ళో కాపురం పెట్టాడు. పేరు జేకబ్ చేంబర్లిన్. మత ప్రచారకుడే కాక వైద్యుడు కూడా. ఆయనను పంపింది న్యూయార్క్, న్యూజెర్సీలలో వేళ్ళూనుకున్న డచ్ సంఘం. అనారోగ్యం వల్ల స్వదేశంలో గడపవలసివచ్చిన సంవత్సరాలు పోగా, ఆయన జీవితంలో పెద్ద భాగం తెలుగువారి మధ్యనే గడిచింది. 1908 మార్చి 2న మదనపల్లెలోనే కన్నుమూశాడు.

ఆ సంఘానికి చెందిన పాత కాగితాలు, ఫోటోలు ఇప్పుడు న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో, చేంబర్లిన్ చదువుకున్న సెమినరీకి చెందిన సేజ్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. పక్కనే ఎడిసన్. అమెరికాలో తెలుగు మాట దట్టంగా వినిపించే ప్రాంతాలలో అదొకటి. కడప, చిత్తూరు సీమల పందొమ్మిదవ శతాబ్దపు ముఖాలు కొన్ని, ఆ సీమల నుంచి వలస వచ్చినవారి ఇళ్ళకు అంత దగ్గరలో ఉండటం ఎవరూ ఉద్దేశించి చేసింది కాదు. అయినా ఆ సామీప్యానికి ఒక అర్థం కల్పించుకోవచ్చు.

అమెరికాలో తాతముత్తాతల చరిత్ర వెదకడం పెద్ద వ్యాసంగం. అందులో పాదిరి కుటుంబాల చరిత్ర తవ్వడం మిగతావాటికంటే సులువు. వాళ్ళు ఉత్తరాలు రాసేవారు, నివేదికలు పంపేవారు, ఫోటోలు తీయించుకునేవారు, వాటన్నిటినీ దాచిపెట్టే సంస్థ ఒకటి వాళ్ళ వెనక ఉండేది. అటువంటి కుటుంబ చరిత్రను పాత ఫోటోల ద్వారా ఎలా నిర్మిస్తారన్నది ఈ వ్యాసంలో మొదటి ప్రశ్న. అదే ఫోటోలో ఆ పాదిరి పక్కన నిలబడ్డ తెలుగువాడి వంశాన్ని అలాగే ఎందుకు నిర్మించలేకపోతున్నామన్నది రెండవ ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికేకొద్దీ రెండవది బరువెక్కుతుంది.

డచ్ అంటే ఎవరు?

వెతుకులాటలో మొదటి తికమక ‘డచ్’ అన్న మాటతోనే వస్తుంది. ఇప్పటి న్యూయార్క్ అప్పటికి న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌గా ఉన్నప్పుడు, 1628లో, యోనాస్ మికేలియస్ అనే పాదిరి అక్కడ తొలి డచ్ సంఘాన్ని ఏర్పరిచాడు. ఆ సంఘంలో పాదిరిని ‘డొమినీ’ అనేవారు. 1664లో ఆ పట్టణం ఇంగ్లీషువారి చేతికి వెళ్ళింది. రాజ్యం పోయినా భాష వెంటనే పోలేదు. మరో వందేళ్ళు డచ్ భాషలోనే ఆరాధన సాగించి, 1764లో గాని న్యూయార్క్ డచ్ సంఘం ఇంగ్లీషు బోధకుణ్ణి పెట్టుకోలేదు. సంఘం పేరులోంచి ‘డచ్’ అన్న మాటను తీసివేసి ‘రిఫార్మ్‌డ్ చర్చ్ ఇన్ అమెరికా’గా మారింది 1867లో. చేంబర్లిన్ మదనపల్లెకు వచ్చిన నాలుగేళ్ళకు.

అంటే పందొమ్మిదవ శతాబ్దం నడిమికి ‘డచ్ పాదిరి’ అన్నది సంఘాన్ని సూచించే మాటే గాని, రక్తాన్ని సూచించే మాట కాదు. చేంబర్లిన్ 1835లో కనెటికట్ రాష్ట్రంలోని షారన్‌లో పుట్టి, ఒహాయోలోని హడ్సన్‌లో పెరిగినవాడు. పేరు ఇంగ్లీషు పేరు. 1859లో న్యూ బ్రన్స్‌విక్ సెమినరీలో చదువు ముగించడం ద్వారా డచ్ సంఘంవాడయ్యాడు. ఆయన పూర్వులను నెదర్లాండ్స్ రికార్డులలో వెదికినవాడు ఖాళీ చేతులతో తిరిగి రావలసిందే. మనకిది కొత్త సంగతి కాదు. ఇంటిపేరు నెల్లూరివారు అయినంత మాత్రాన ఆ కుటుంబం నెల్లూరులో ఉండాలని లేదు, గుంటూరులో పది తరాలుగా పాతుకుపోయి ఉండవచ్చు.

ఈ పేరుమార్పు ఫోటో పరిశోధకుడికి చిన్న ఆధారాన్ని కూడా ఇస్తుంది. అట్ట వెనక సంఘం పేరు ‘డచ్’తో కలిపి అచ్చులో ఉంటే ఆ అట్ట 1867కు ముందుది కావచ్చు. చేతిరాతలో ఉంటే మాత్రం అలా చెప్పలేం. అలవాటైన పేరును జనం అంత తొందరగా వదులుకోరు.

రెండు కుటుంబాలు, ఒకే పేర్లు

దక్షిణ భారతంలో ఈ సంఘం పని ‘ఆర్కాట్ మిషన్’ పేరుతో నడిచింది. 1853లో దాన్ని ప్రారంభించింది హెన్రీ మార్టిన్ స్కడర్, అతని తమ్ముళ్ళు విలియం, జోసెఫ్. వాళ్ళ తండ్రి జాన్ స్కడర్ న్యూయార్క్‌లో వైద్యవృత్తి విడిచి 1819లో సింహళానికి ఓడెక్కినవాడు. తరవాత మద్రాసు చేరాడు. ఆయన కొడుకులు ఏడుగురు, కూతుళ్ళు ఇద్దరు మిషన్ పనిలోనే ఉన్నారు. ఆయన మనవరాలే 1870లో రాణిపేటలో పుట్టి, 1899లో కార్నెల్‌లో వైద్యపట్టా తీసుకొని, వేలూరులో ఆసుపత్రినీ, 1918లో వైద్య విద్యాలయాన్నీ ప్రారంభించిన ఐడా స్కడర్. ఈ కుటుంబం గురించి డొరతీ జెలస్ స్కడర్ 1984లో రాసిన పుస్తకం పేరు ‘ఎ థౌజండ్ ఇయర్స్ ఇన్ దై సైట్’. నాలుగు తరాలవారి సేవాకాలాన్ని కలిపి కూడితే వెయ్యేళ్ళు దాటుతుందన్న లెక్క ఆ పేరులో ధ్వనిస్తుంది.

ఆర్కాట్ మిషన్ పని ఎక్కువగా తమిళ ప్రాంతంలో సాగింది. తెలుగు వైపు చేంబర్లిన్‌ది. ఆయన తెలుగు బైబిల్ సవరణ సంఘానికి 1873 నుంచి 1894 వరకు అధ్యక్షుడు. 1863లో హైదరాబాదు రాజ్యం మీదుగా మధ్య భారతం దాకా సుమారు 1200 మైళ్ళు ప్రయాణించాడు. ‘ఇన్ ద టైగర్ జంగిల్’ (1896), ‘ద కోబ్రాస్ డెన్’ (1900), మరణానంతరం వచ్చిన ‘ద కింగ్‌డమ్ ఇన్ ఇండియా’ (1908) ఆయన పుస్తకాలు. కొడుకులిద్దరు, విలియం ఐజక్, లూయిస్ బర్జ్, ఆర్కాట్ మిషన్‌లోనే పనిచేశారు. విలియం వేలూరు వూర్హీస్ కళాశాల బాధ్యతలు చూసి, తరవాత అమెరికా తిరిగివెళ్ళి రట్గర్స్‌లో బోధించాడు.

కుటుంబ చరిత్ర రాసేవారికి ఈ వివరాలన్నీ ఊతమే గాని, ఫోటోల దగ్గరకు వచ్చేసరికి ఇవే చిక్కులు పెడతాయి. ఒక ఫోటో కింద ‘రెవరెండ్ చేంబర్లిన్, మదనపల్లె’ అని ఉంటే అది తండ్రా, కొడుకా? ‘డాక్టర్ చేంబర్లిన్’ అని ఉంటే వైద్యంలో డాక్టరా, వేదాంతంలో గౌరవ డాక్టరా? ‘డాక్టర్ ఐడా స్కడర్, వేలూరు’ అన్నా అంతే. ఆ పేరుతో వేలూరులో ఇద్దరు వైద్యులు పనిచేశారు. ఒకరు సంస్థాపకురాలు, మరొకరు ఆమె మేనకోడలు, ఎక్స్‌రే విభాగాన్ని నడిపిన ఐడా బి. స్కడర్. తాత పేరు మనవడికి పెట్టుకునే అలవాటు తెలుగువారిదే అనుకుంటాం. ఆ అలవాటున్న ప్రతి జాతికీ పాత ఫోటోలు ఈ పరీక్ష పెడతాయి.

ఫోటో తన వయసు తానే ఎలా చెబుతుంది?

ఈ చిక్కులలో కొన్నింటిని ముఖం చూసి కాక, ఫోటో వస్తువును చూసి విడదీయవచ్చు. 1854లో పారిస్‌లో డిస్డేరి హక్కు పొందిన ‘కార్ట్ ద విజీత్’ పద్ధతిలో అరచేతిలో పట్టేటంత చిన్న అట్టమీద కాగితపు ఫోటో అతికించేవారు. 1860లలో అవి ప్రపంచమంతా పాకాయి. 1866 ప్రాంతంలో వాటికంటే పెద్దవైన ‘కేబినెట్’ అట్టలు వచ్చి క్రమంగా వాటి స్థానాన్ని ఆక్రమించాయి. అమెరికాలో తీసిన ఫోటో అట్ట వెనక పన్ను బిళ్ళ అతికించి ఉంటే దాని కాలం దాదాపు ఖాయం. అంతర్యుద్ధం ఖర్చుల కోసం ఫోటోలమీద ఆ పన్ను వేసింది 1864 సెప్టెంబరు 1న, ఎత్తివేసింది 1866 ఆగస్టు 1న. ఆ రెండేళ్ళ వ్యవధిలో చేంబర్లిన్ మదనపల్లెలో ఉన్నాడు. కనుక అటువంటి బిళ్ళ ఉన్న అట్టమీది వ్యక్తి ఆయన అయ్యే అవకాశం బహు తక్కువ. అది పాత బొమ్మకు తరవాత తీసిన నకలైనా అయి ఉండాలి, అమెరికాలో మిగిలిపోయిన బంధువుల బొమ్మైనా అయి ఉండాలి.

స్టూడియో ముద్ర మరో ఆధారం. మద్రాసు నికొలస్ కంపెనీ, వీలీ అండ్ క్లైన్ వంటి స్టూడియోల పేర్లు అట్టమీద ఉంటే అది కుటుంబం భారతదేశంలో ఉండగా తీసింది. పేరుతో పాటు వీధి చిరునామా కూడా ఉంటే, ఆ స్టూడియో ఏ సంవత్సరాలలో ఆ వీధిలో ఉందో పాత డైరెక్టరీలలో చూడవచ్చు. 1880లలో పొడి గాజు పలకలు, 1888లో కొడాక్ పెట్టె కెమెరా వచ్చాక ఫోటో స్టూడియో గది దాటి వరండాలోకి, పొలంలోకి, గుడారం ముందుకు వచ్చింది. కనుక నవ్వుతున్న పిల్లలు, కదిలి మసకబారిన కుక్క, ఎద్దుబండి ఉన్న బొమ్మ చాలావరకు ఆ తరవాతి కాలానిదే. అంతకుముందు పాదిరులు అంత గంభీరంగా కనిపించడానికి భక్తి ఒక్కటే కారణం కాదు. కొన్ని సెకన్లు కదలకుండా కూర్చోవాలి, అందుకోసం తల వెనక ఇనుప ఊత కూడా ఉండేది.

పేరు, ముఖం, తేదీ మూడూ కలిసి దొరికే పత్రాలు కూడా అమెరికాలో ఉన్నాయి. 1914 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తుకు ఫోటో తప్పనిసరి చేశారు. సముద్రాలు దాటి రాకపోకలు సాగించే మిషనరీ కుటుంబానికి ఇది వరం. ఒక్క పాస్‌పోర్టు ఫోటో నిస్సందేహంగా దొరికితే, దానితో పోల్చి ఆల్బమ్‌లోని అనేక ముఖాలను గుర్తించవచ్చు. జనాభా లెక్కల మీద మాత్రం ఆధారపడలేం. 1890 లెక్కల కాగితాలు 1921 నాటి అగ్నిప్రమాదం కారణంగా దాదాపు పూర్తిగా నశించాయి. పైగా మదనపల్లెలో ఉన్నవాణ్ణి న్యూజెర్సీ లెక్కల్లో ఎవరు రాస్తారు?

ఈ పద్ధతి వైద్యులకు పరిచితమైనదే. ఎక్స్‌రే ఫిల్ము ఎంత స్పష్టంగా ఉన్నా, దానిమీద రోగి పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు లేకపోతే దాన్ని నమ్మి ఎవరూ కత్తి పట్టరు. ఫోటో విషయంలోనూ కుడి ఎడమల తారుమారు నిజంగా జరుగుతుంది. పాత రేకు ఫోటోలలో బొమ్మ అద్దంలోలాగా తిరగబడి ఉంటుంది. చర్చి హాళ్ళలో మ్యాజిక్ లాంతరుతో చూపించి చందాలు పోగుచేయడానికి వాడిన గాజు స్లైడులను తిరగేసి పెడితే ఏ అమెరికన్ ప్రేక్షకుడికీ తెలిసేది కాదు. ఆ స్లైడులో ఒక గోడమీద తెలుగు అక్షరాలుంటే తెలుగు చదవగలిగినవాడు ఒక్క చూపులో పట్టుకుంటాడు. పైట ఏ భుజం మీద ఉందో గమనించినవాడూ పట్టుకుంటాడు. ఇక్కడి నుంచే తెలుగు పాఠకుడి అవసరం మొదలవుతుంది.

క్యాప్షన్ల నిచ్చెన

ఇటువంటి మిషన్ సేకరణలను వరసగా చూస్తూ పోతే క్యాప్షన్లలో ఒక అంతస్తుల అమరిక కనిపిస్తుంది. పై మెట్టున పాదిరి: పూర్తి పేరు, పట్టాలు, ఊరు. రెండవ మెట్టున ఆయన భార్య: ఆమెకు పేరు ఉంటుంది గాని అది భర్త పేరు. మూడవ మెట్టున తెలుగు పాస్టరు, ఉపదేశకుడు: కొన్నిసార్లు ఒక్క పేరు, ఇంటిపేరు లేకుండా. నాలుగవ మెట్టున ‘దేశీయ సహాయకులు’, ‘బైబిల్ స్త్రీలు’, ‘బడిపిల్లలు’: బహువచనం తప్ప మరేమీ ఉండదు. అట్టడుగున ‘ఒక రోగి’.

రెండవ మెట్టు ఎంత గట్టిదో చూడటానికి ఒక అచ్చు పుస్తకం చాలు. ఈ సంఘపు మహిళా విభాగం యాభై ఏళ్ళ విదేశీ సేవ గురించి 1925లో ‘ఫిఫ్టీ ఇయర్స్ ఇన్ ఫారిన్ ఫీల్డ్స్’ అనే గ్రంథం వచ్చింది. స్త్రీల కృషిని చరిత్రకెక్కించడానికి ఒక స్త్రీ రాసిన పుస్తకం అది. రచయిత్రిగా అచ్చయిన పేరు ‘మిసెస్ డబ్ల్యు. ఐ. చేంబర్లిన్’. జేకబ్ కోడలు మేరీ తన సొంత పేరును తన పుస్తకం మీద కూడా వేసుకోలేదు. విచిత్రం ఏమిటంటే పాత డచ్ సంఘాల బాప్టిజం పుస్తకాలలో తల్లిని పుట్టింటి ఇంటిపేరుతోనే రాసేవారు. అందువల్ల పదిహేడవ శతాబ్దపు డచ్ స్త్రీ పుట్టింటివారిని కనుక్కోవడం ఒక్కోసారి పందొమ్మిదవ శతాబ్దపు అమెరికన్ స్త్రీ పుట్టింటివారిని కనుక్కోవడం కంటే తేలిక. ఇంగ్లీషు మర్యాద అలవడ్డాక పేరు ఒక మెట్టు దిగింది.

అయినా ఆమె పేరు వెదికితే దొరుకుతుంది. కింది మెట్లవారి పేర్లు వెదకడానికి మొదలు కూడా దొరకదు. 1863 నాటి ప్రయాణంలో చేంబర్లిన్ వెంట తెలుగు సహాయకులు ఉన్నారు. బళ్ళు తోలినవారు, వాగులు దాటించినవారు, వంట చేసినవారు ఉన్నారు. ఆ ప్రయాణం వల్ల ఒక అమెరికన్ కుటుంబానికి తరతరాలు చెప్పుకోదగిన కథ మిగిలింది. ఆ 1200 మైళ్ళు తామూ నడిచినవారి మనవలకు, తమ తాత అంత దూరం వెళ్ళివచ్చాడని తెలియడానికి ఆధారం లేదు.

మిషనరీలు మాత్రమే ఇలా చేశారనడం అన్యాయం. ప్రభుత్వమూ అదే చేసింది. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది సంపుటాలుగా వచ్చిన ‘ద పీపుల్ ఆఫ్ ఇండియా’లో మనుషులు చాలావరకు మనుషులుగా కాక జాతుల, కులాల నమూనాలుగా కనిపిస్తారు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ ప్రచురించిన దక్షిణ భారత కులాల, తెగల ఏడు సంపుటాలలోనూ ఫోటో కింద కులం పేరే ప్రధానం. నమూనాకు పేరు అక్కర్లేదు. పేరు పెడితే అది నమూనా కాకుండా పోతుంది. ఈ రెంటితో పోల్చినప్పుడు మిషన్ ఫోటో కొంత మెరుగే. అక్కడ మనిషిని కొలవడానికి కాదు, అతని పరిస్థితి చెప్పి చందా అడగడానికి ఫోటో తీశారు. చందా ఇచ్చే న్యూజెర్సీ రైతుకు ‘ఒక విధవ’, ‘ఒక అనాథ’ అంటే సరిపోయేది. పేరు చెప్పినా అతనికి నోరు తిరిగేది కాదు.

పేరు తీసివేయడమంతా తప్పు కాదని వైద్యులకు తెలుసు. అమెరికాలో నేటి వైద్య గోప్యతా నిబంధనలు రోగిని గుర్తుపట్టించే పద్దెనిమిది రకాల వివరాలను పేర్కొంటాయి. పేరు అందులో ఒకటి, పూర్తి ముఖం కనిపించే ఫోటో మరొకటి. ఈ రెండూ తొలగించడం రోగి రక్షణ కోసం. పాత ఆసుపత్రి వరండా ఫోటోలలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ముఖాన్ని చూపించి, పేరును వదిలేశారు. బయటపడకూడనిది బయటపడింది, దాచి ఉంచవలసినది దాచలేదు. నేటి అనామకత్వం రోగి హక్కు. నాటి అనామకత్వం రోగిని ఎవరూ అడగని ప్రశ్న. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి గనుక ఈ తేడాను గట్టిగా గుర్తుంచుకోవాలి.

పటమూ, కథకుడూ

తెలుగువారి సంప్రదాయం బొమ్మను ఒంటరిగా వదలదు. తెలంగాణలో డక్కలివారు పటం విప్పి, కర్రతో ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ మాదిగల పుట్టుపూర్వోత్తరాలు, జాంబపురాణం చెబుతారు. పిచ్చుకకుంట్లవారు రెడ్ల గోత్రాలు, వంశాలు పాడతారు. బొమ్మ ఉన్నచోట నోరు ఉంది, నోరు ఉన్నచోట పేరు ఉంది. కథకుడు లేని పటం మనవాళ్ళకు వట్టి గుడ్డ.

మరో పక్క తర్పణ సంప్రదాయం ఉంది. తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు గోత్రంతో సహా నోట పలుకుతారు, కాని ఆ ముత్తాత ముఖం ఎలా ఉంటుందో పలికేవారికి తెలియదు. అక్కడ ముఖంలేని పేర్లు మిగిలాయి. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందన్న భయం వల్ల కలవారి ఇళ్ళలో కూడా చాలాకాలం ముఖాలు మిగల్లేదు.

మిషన్ ఆల్బమ్ దీనికి ఎదురు కొస. అక్కడ మిగిలినవి పేరులేని ముఖాలు. ఈ ముఖాలు ఎవరివన్నది ముఖ్యం. మిషన్ బళ్ళలో, వైద్యశాలల్లో, కూటాల్లో కనిపించేవారిలో చాలామంది మాల, మాదిగ పల్లెలనుంచి వచ్చినవారు. భూమి పత్రాలలో వాళ్ళ పేర్లు ఉండటం అరుదు. తర్పణంలో పేర్లు చెప్పే తంతు వాళ్ళది కాదు. మతం మారాక పటం కథ వినే అలవాటు కూడా చాలాచోట్ల సడలింది. ఇంటిపేర్లలో కొన్ని మిగిలినా, పేర్ల స్థానంలో బైబిల్ పేర్లు వచ్చాయి. ఇటువంటి కుటుంబాలకు బాప్టిజం పుస్తకంలో ఒక వరస, వీలైతే ఒక ఫోటో: ఇవే పందొమ్మిదవ శతాబ్దంలోకి తెరుచుకునే కిటికీలు. ఒకదానిలో పేరుంది, రెండవదానిలో ముఖముంది. రెంటినీ కలిపే వాక్యం లేదు.

రోలాఁ బార్త్ ఫోటోగ్రఫీ మీద రాసిన చివరి పుస్తకానికి ప్రాణం ఆయన తల్లి చిన్ననాటి ఫోటో. ఆ ఒక్క ఫోటోనే ఆయన పుస్తకంలో అచ్చు వేయలేదు. పాఠకుడికి ఆమె ఎవరో ఒక చిన్నపిల్ల మాత్రమే అవుతుందని ఆయన భయం. పేరు, సంబంధం తెలిసినవాడికే ఫోటో గాయమవుతుంది, మిగతావారికి అది సమాచారం. ఈ మాట ఒప్పుకుంటే, పేరు లేకుండా మిగిలిన మదనపల్లె ముఖాలు ఎవరికీ గాయం కాకుండానే నూరేళ్ళు దాటేశాయి. వాళ్ళ మనవరాలు ఆ ఫోటోను చూసినా పరాయి మనిషిని చూసినట్టే చూస్తుంది.

ఆనాటివారిని ఈనాటి కొలతతో కొలవవచ్చా?

ఈ విమర్శకు ఒక సమాధానం ఎదురొస్తుంది. వైద్యమంటే తెలియని పల్లెల్లో మందు ఇచ్చినవారిని, చదువు నిషిద్ధమైన పిల్లలకు పలక పట్టించినవారిని, ఫోటో కింద పేరు రాయలేదని తప్పుపట్టడం ఏమి న్యాయం? మదనపల్లె చుట్టుపట్ల వైద్యానికి ఈ పాదిరులు, వాళ్ళ దారిలో వచ్చిన ఇతర మిషన్లవారు చేసింది తక్కువేమీ కాదు. ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం ఆ పరంపరలోదే. ఆ ఊరి పేరు ప్రపంచ వైద్య సాహిత్యంలోకి ఎక్కింది దానివల్లనే.

ఈ సమాధానంలో నిజముంది. కాని అది ప్రశ్నకు జవాబు కాదు. మంచి చేయడం ఒకటి, మంచి పొందినవారిని మనుషులుగా నమోదు చేయడం మరొకటి. మొదటిది జరిగిందని రెండవది మాఫీ కాదు. పైగా పేర్లు వాళ్ళకు తెలియకపోవడం కాదు. తెలుగులో బైబిలును సవరించగల పండితుడికి తన పక్కనున్నవారి పేర్లు తెలియవనుకోలేం. మిషన్ నివేదికలలో తెలుగు పాస్టర్ల పేర్లు కనిపిస్తాయి. సంఘ పుస్తకాలలో బాప్టిజం పొందినవారి పేర్లు ఎక్కాయి. మదనపల్లెలో తెలిసిన పేర్లే. అవి సముద్రం దాటేటప్పుడు రాలిపోయాయి. రాల్చింది దురుద్దేశం కాదు, అవతలి పాఠకుడికి అవి అక్కర్లేదన్న అంచనా. ఆర్కైవ్‌ను తయారుచేసింది ఆ అవతలి పాఠకుడి కుతూహలం. అందుకే అందులో ఒక కుటుంబానికి వంశవృక్షం ఉంది, దాని నీడలో నిలబడ్డవారికి లేదు.

తెలుగువారు కూడా దీనికి అతీతులు కాదు. మన ఇళ్ళ పాత పెళ్ళి ఫోటోలలో కుర్చీల మీద కూర్చున్న పెద్దలందరి పేర్లూ చెప్పగలిగినవారు, వెనక వరసలో అంచున నిలబడ్డ పాలేరు పేరు, చంకలో పిల్లను ఎత్తుకున్న పనిమనిషి పేరు చెప్పలేరు. ఆ నిచ్చెన డచ్ సంఘం తెచ్చిపెట్టింది కాదు.

ఇంకా చేయగల పని

పోయినదంతా తిరిగి రాదు. కాని కొంత రావచ్చు, దానికి కావలసిన సామగ్రి మూడు చోట్ల విడివిడిగా ఉంది. ఫోటోలు, ఉత్తరాలు, నివేదికలు అమెరికాలో: సంఘపు కాగితాలు న్యూ బ్రన్స్‌విక్‌లో, ఐడా స్కడర్ కాగితాలు హార్వర్డ్‌లోని ష్లెసింగర్ లైబ్రరీలో, అనేక మిషన్ల ఫోటోలు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే అంతర్జాతీయ మిషన్ ఫోటోల డిజిటల్ సేకరణలో ఉన్నాయి. బాప్టిజం, వివాహ పుస్తకాలను 1947లో ఏర్పడ్డ దక్షిణ ఇండియా సంఘపు చర్చిలలో వెదకాలి. మూడవది, జ్ఞాపకం. అది చిత్తూరు, కడప సీమల ఇళ్ళలో, డెబ్భై ఎనభై ఏళ్ళవారి నోట ఉంది. మొదటి రెండూ కొంతకాలం ఆగుతాయి. మూడవది ఆగదు.

ఈ మూడింటినీ కలిపే పనికి వంశం వెదికే అమెరికన్ ఔత్సాహికుడి దగ్గర పద్ధతి ఉంది. అట్ట వెనక చూడటం, స్టూడియో చిరునామా పట్టుకోవడం, నిశ్చయంగా తెలిసిన ఒక ముఖంతో మిగతావి పోల్చడం, నిశ్చయం కానిదాన్ని ‘కావచ్చు’ అనే రాయడం. అతని దగ్గర లేనిది తెలుగు. గోడమీది రాతను చదవడం, వెనక కనిపించే కొండ ఏదో చెప్పడం, మెడలోని సొమ్మును బట్టి, కట్టును బట్టి మనిషి ఏ సీమవాడో ఊహించడం, ఇంగ్లీషు స్పెల్లింగులో వంకరపోయిన పేరును తిరిగి తిన్నగా పలకడం తెలుగువాడే చేయగలడు. ఒక ఆర్కైవ్‌కు ఇటువంటి సహాయం అందితే, తగిన ఆధారం చూపినప్పుడు, పాత క్యాప్షన్‌ను చెరపకుండానే దాని పక్కన కొత్త వివరం చేర్చవచ్చు.

అందులో జాగ్రత్తలూ ఉన్నాయి. ముఖపోలికను బట్టి ఇతను ఫలానావారి తాత అని తేల్చడం, అదీ సాఫ్ట్‌వేర్ చెప్పిందని తేల్చడం, లేని బంధుత్వాలను పుట్టిస్తుంది. రోగుల ఫోటోల విషయంలో పేరు చేర్చేముందు వారి కుటుంబాల ఇష్టం తెలుసుకోవాలి. కుష్ఠు, క్షయ వంటి జబ్బుల పేరు ఒక ఇంటికి ఈనాటికీ మచ్చగా మిగలవచ్చు. కొందరు పూర్వుల కులాన్ని, మతమార్పిడిని బయటపెట్టుకోవడానికి ఇష్టపడకపోవచ్చు. పేరు ఇవ్వడం ఎంత గౌరవమో, వద్దన్నచోట ఇవ్వకపోవడం అంతే గౌరవం. ఆ నిర్ణయం ఇన్నాళ్ళకైనా ఆ ఇంటివారిది కావాలి.

చేంబర్లిన్ కుటుంబ చరిత్రకు ఇక పెద్దగా చేర్చవలసింది లేదు. ఆయన పుట్టిన ఊరు, చదివిన బడి, ఎక్కిన ఓడ, రాసిన పుస్తకాలు, కొడుకుల ఉద్యోగాలు అన్నీ నమోదయ్యాయి. ఇప్పుడు ఆ ఫోటోలకు మిగిలిన పని ఆయన చుట్టూ నిలబడ్డవారిని గుర్తించడం. వారిలో ఒక్కరి పేరైనా, ఊరి పేరుతో, ఇంటిపేరుతో, తప్పులేని తెలుగులో ఆ అట్ట వెనక చేరితే, అమెరికాలో నూరేళ్ళుగా ఒక పాదిరి బొమ్మగా చలామణీ అయిన ఫోటో మదనపల్లెలో ఒక ఇంటివారి తాత బొమ్మ కూడా అవుతుంది.